చెవి మేస్త్రీ

కెమెరాకి ప్రాణం షట్టరు, షట్టరుకి ప్రాణం నా చెవి అని రోజుకొకసారైనా అనకపోతే చెవి మేస్త్రీకి తిన్నది అరగదు. ఆయనకి అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది గానీ, దాన్ని వాడే అవసరం ఎవరికీ రాలేదు. రీలు వేసుకునే పాతకాలపు కెమెరాలు బాగుచేయడం ఆయన పని. తాళాలు బాగుచేసేవాడి కొట్టు పక్కనుంచి ఇరుకు మెట్లెక్కితే ముందు గది పనిచేసే చోటు, వెనక రెండు గదులు కాపురం. మెట్లెక్కి ఎవరు ఏ కెమెరా తెచ్చినా ముందు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మీట నొక్కుతాడు. 'టక్' అనేసరికి జబ్బేమిటో చెప్పేస్తాడు. కెమెరా జబ్బు చెప్పి ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. తెచ్చినవాడి జబ్బు కూడా చెప్తాడు.

షట్టరు బిగుసుకుపోతే జనం చేసే సొంత వైద్యాలు వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది, అది నిజమే. ఒకాయన కెమెరాని ఫ్రిజ్జులో పెట్టి తెచ్చాడు. ఒకావిడ జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో దానికి వేడిగాలి కొట్టింది. ఇంకొకడు ఎవరి వీడియోనో చూసి తలుపు బందులకి పోసే నూనె తెచ్చి లెన్సు సందులోంచి ధారగా పోశాడు. "బాగా చేశావు నాయనా! ఇక ఫొటోలెందుకు, ఒత్తి వేసి దీపం వెలిగించుకో" అన్నాడు మేస్త్రీ. "ఆ నూనేదో నీ తలకి పట్టించుకుని ఉంటే మెదడైనా మెత్తబడేది" అని కూడా అన్నాడు. వాడు తలవంచుకుని నవ్వాడు. ఏం చేస్తాడు? పాలిచ్చే ఆవు తన్నినా ఓర్చుకోవాలి కదా.

ఆయన పని తీరు ఇదీ. లెన్సు మధ్యలో పల్చటి ఉక్కు రేకులుంటాయి. మీట నొక్కగానే అవి తెరుచుకుని మూసుకుంటాయి. నిదానంగా మూసుకోవలసినప్పుడు వాటిని పట్టి ఆపడానికి బుల్లి పళ్ళచక్రాలుంటాయి, అవి తిరుగుతుంటే సన్నగా 'జీ' అని రొద వస్తుంది. వేగంగా మూసుకోవలసినప్పుడు మాత్రం ఆ చక్రాలు పక్కకి తప్పుకోవాలి. 'టక్' తప్ప ఇంకేమీ వినపడకూడదు. పాత గ్రీజు గడ్డకట్టిన కెమెరాల్లో చక్రాలు పూర్తిగా తప్పుకోవు, 'టక్' వెనకాలే 'జీ' తోకలా వస్తుంది. తోక వచ్చిందంటే రేకులు ఆలస్యంగా మూసుకున్నాయని అర్థం. అప్పుడు ఆ చక్రాలని పెట్రోలుతో కడగాలి, ఆరనివ్వాలి, నొక్కి వినాలి. తోక ఉంటే మళ్ళీ కడగాలి. ఈ వేగాలు కొలిచే చిన్న యంత్రాలు బజార్లో దొరుకుతాయి. అవి చెవులు లేనివాళ్ళకి అని మేస్త్రీ ఒక్కదాన్నీ గడప తొక్కనివ్వలేదు.

వయసులో ఉన్నప్పుడు ఒక్కో షట్టరుని మూడు నాలుగు సార్లు కడిగితే గానీ ఆ తోక తెగేది కాదు. ఈ మధ్య ఒక్క కడుగుకే తెగుతోంది. "చూశావా అమ్మాయ్, చెయ్యి తిరగడం అంటే ఇదీ. నేను ముట్టుకుంటే చాలు, గ్రీజు దానంతటదే పరిగెడుతుంది" అని కోడలితో చెప్పుకుని మురిసిపోయేవాడు.

కోడలు అదే గదిలో కిటికీ పక్క బల్ల దగ్గర పనిచేస్తుంది. కొడుకు రైలింజను నడుపుతాడు. వాడికి ఈ విద్య అబ్బలేదు, వాణ్ణి కట్టుకున్న పిల్లకి అబ్బింది. కెమెరాలు విప్పి బిగించడంతో పాటు వచ్చినవాళ్ళ రీళ్ళు కడిగి ఫొటోలు తీసి ఇచ్చేది కూడా ఆవిడే. మామగారి దగ్గర పని నేర్చుకుంటే నోరు కూడా ఉచితంగా వచ్చింది. ఇక మేస్త్రీ భార్య ఒకప్పుడు గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడే మనిషి. ఈ రెండేళ్ళలో ఆవిడకి ఏమొచ్చిందో, "కాఫీ తాగుతారా" అన్నా కేకే, "తువ్వాలు ఎక్కడ పెట్టారు" అన్నా కేకే. వయసు మీదపడ్డకొద్దీ ఆడవాళ్ళకి నోరు పెరుగుతుందని మేస్త్రీ ఒక సిద్ధాంతం చేసుకుని, దాన్ని మెట్లెక్కి వచ్చిన ప్రతి మగవాడికీ అడక్కుండానే చెప్పేవాడు.

అలాంటి రోజుల్లో నర్సమ్మ వచ్చింది.

పసిపిల్లల ఆసుపత్రిలో సూది పొడిచేది ఈవిడే. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల చేతిలో నరం దారప్పోగంత ఉంటుంది. దాన్ని మొదటి పోటులోనే పట్టుకోవాలి. డాక్టర్లు చెమటలు తుడుచుకుంటూ పక్కకి జరిగిన చోట ఈవిణ్ణి పిలుస్తారు. గండం గడిచి ఇంటికెళ్ళే ప్రతి బిడ్డకీ తన పాత కెమెరాతో ఒక ఫొటో తీసి తల్లి చేతిలో పెట్టడం ఆవిడకి ఎన్నో ఏళ్ళ అలవాటు. ఆ కెమెరా షట్టరు బిగుసుకుంటే మేస్త్రీయే కడిగి ఇచ్చాడు. అప్పట్నుంచి తీసినవన్నీ చెదిరిపోతున్నాయని కవరు నిండా ఫొటోలు తెచ్చి బల్ల మీద పరిచింది. ఏ బిడ్డకీ కళ్ళూ ముక్కూ తెలియడం లేదు.

మేస్త్రీ ఫొటోల వంక చూడనైనా చూడలేదు. కెమెరా చెవి దగ్గర పెట్టుకుని నొక్కాడు. టక్.

"కెమెరా భేషుగ్గా ఉంది."

"మరి ఇలా ఎందుకొస్తున్నాయండీ?"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస. వణుకుతోంది మీ చెయ్యి నర్సమ్మగారూ, కెమెరా కాదు." అక్కడితో ఆగొచ్చు. కానీ గదిలో ఇంకో ఇద్దరున్నారు, వినేవాళ్ళుంటే మేస్త్రీకి ఆగడం చేతకాదు. "ఈ చేత్తోనేనా పసిపిల్లల్ని పొడుస్తున్నారు? పాపం, వాళ్ళకింకా మాటలు రావు గనక మీ ఉద్యోగం నిలిచింది."

ఆ ఇద్దరూ పకపకా నవ్వారు. నర్సమ్మ నవ్వలేదు. తన కుడిచేతిని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "మీరు చెప్పారంటే నిజమే అయ్యుంటుంది లెండి" అంది. ఫొటోలు కవర్లో సర్దుకుని, కెమెరా సంచీలో పెట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

"మావయ్యా, ఆవిడ రీలు నేనే కడిగాను" అంది కోడలు కాసేపటికి. "నెగటివ్‌లు బాగా నల్లగా వచ్చాయి. అంటే వెలుతురు ఎక్కువ పడింది. చెయ్యి వణికితే బొమ్మ చెదురుతుంది సరే, వెలుతురెందుకు పెరుగుతుంది?"

"ఆవిడకి లెక్కలు రావు గనక. సూదులు పొడిచేవాళ్ళకి ఫొటోలెందుకు, ఫొటోలు తీసేవాళ్ళకి సూదులెందుకు?"

"షట్టరు ఆలస్యంగా మూసుకున్నా అలాగే వస్తుంది కదా?"

"నేను విన్నానమ్మాయ్!" అన్నాడు మేస్త్రీ. ఆ ఇంట్లో ఆ మాట తర్వాత ఇంకో మాట ఉండదు.

కొన్నాళ్ళకి పక్కింటావిడ మనవడికి జ్వరమొస్తే ఆయన భార్య తోడుగా ఆ పసిపిల్లల ఆసుపత్రికే వెళ్ళింది. వస్తూనే గదిలో కేకలు మొదలుపెట్టింది. ఆ బిడ్డకి ఎవరో కొత్త పిల్ల సూది పొడిచిందట. ఈ చేతిలో నరం దొరకలేదని ఆ చేతికి, అక్కడా దొరకలేదని కాలికి. బిడ్డ ఏడ్చి ఏడ్చి నీలంగా అయిపోయాడట. నర్సమ్మ ఏదమ్మా అని అడిగితే, ఆవిడ సూది ముట్టుకోవడం మానేసి దుప్పట్ల గదిలో కూచుంటోందని చెప్పారట. చెయ్యి వణుకుతోందని తనే పెద్ద డాక్టరుకి చెప్పుకుందట. నెలాఖరుకి ఉద్యోగం నుంచే తప్పుకుంటానని కాగితం కూడా ఇచ్చేసిందట.

"మంచిదే" అన్నాడు మేస్త్రీ. "నా పుణ్యమా అని పిల్లలు బతికిపోయారు."

"మీ పుణ్యమేంటి?" అని అరిచింది భార్య.

మేస్త్రీ ఆ రోజు తాను పేల్చిన జోకు యథాతథంగా అప్పజెప్పాడు. భార్య నవ్వలేదు. కోడలు పనిముట్టు కింద పెట్టింది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఆడవాళ్ళకి హాస్యం అర్థం కాదని మేస్త్రీకి ఇంకో సిద్ధాంతం ఉంది, దాన్ని తల్చుకుని పనిలో పడ్డాడు.

ఆ మర్నాడే పుస్తకాలు కుట్టేవాడు మెట్లన్నీ అదిరేలా ఎక్కి వచ్చాడు. వాడిదీ మేస్త్రీ ఒక్క కడుగుతో బాగుచేసిన కెమెరాయే. వాడు నర్సమ్మ కాదు. మొహమాటం వాడి వంశంలోనే లేదు.

"ఏంటి మేస్త్రీ ఇది? పిల్లలు దెయ్యాల్లా వచ్చారు!"

"నీ చెయ్యి..."

"నా చెయ్యి జోలికి రాకు. అంచులు కోసే కత్తి పట్టే చెయ్యిది. వణికితే పుస్తకం అడ్డంగా తెగుతుంది. అయినా ఇవి స్టాండు మీద పెట్టి తీశాను. నా చెయ్యి దానికి తగల్లేదు."

కోడలు ఫొటో అందుకుని చూసింది. వెనక గోడ మీద మేకు కూడా స్పష్టంగా ఉంది. ముందు గెంతుతున్న పిల్లలు మాత్రం పొగలా అలుక్కుపోయారు.

"పిల్లలకి నిలకడ లేదు" అన్నాడు మేస్త్రీ.

"పిల్లలకి నిలకడేంటయ్యా, నీ మొహం! వాళ్ళని మేకులేసి కొట్టమంటావా గోడకి?" అని కెమెరా బల్ల మీద పడేసి, బాగుచేసి పెట్టకపోతే వీధి వీధీ చెప్తానని హెచ్చరించి వాడు వెళ్ళిపోయాడు.

కోడలు ఆ కెమెరా తీసుకుని, వేగాన్ని పెద్ద అంకె మీదికి తిప్పి, చెవి దగ్గర నొక్కింది. మళ్ళీ నొక్కింది.

"తోక ఉంది మావయ్యా."

"ఏ తోక?"

"టక్ తర్వాత జీ అంటోంది. బాగానే వినపడుతోంది."

మేస్త్రీ కెమెరా లాక్కుని విన్నాడు. టక్. శుభ్రమైన టక్. దాని వెనక ఏమీ లేదు. ఇంకోసారి విన్నాడు, చెవి మార్చి విన్నాడు. "నీకు చెవిలో జోరీగ దూరినట్టుంది" అన్నాడు. అప్పుడు వెనక గది గుమ్మం దగ్గర్నుంచి ఆయన భార్య అరిచింది.

"జీ అంటోంది కదండీ! నాకిక్కడికి వినపడుతోంది!"

షట్టరుకీ కుట్టుమిషనుకీ తేడా తెలియని మనిషి తనకి పాఠం చెప్పడం మేస్త్రీకి తలకొట్టేసినట్టయింది. అత్తాకోడళ్ళు కుమ్మక్కయ్యారని తేల్చేశాడు. లోకంలో ఎక్కడా లేని ఐకమత్యం తన కొంపలోనే పుట్టిందన్నాడు. "చెవులు ఎవరికున్నాయో కళ్ళతో చూపిస్తాను ఉండండి" అని అలమర మీద నుంచి పాత రికార్డు ప్లేయరు దింపించాడు. అది తన గురువు నేర్పిన పరీక్ష. నల్లటి రికార్డు మీద మధ్య నుంచి అంచు దాకా సన్నటి తెల్ల కాగితం అంటించి తిప్పాలి. ఎదురుగా కెమెరాని బల్లకి బిగించి ఫొటో తీయాలి. షట్టరు సరైన వేగంతో మూసుకుంటే కాగితం గీతలాగే పడుతుంది. ఆలస్యమైతే గీత సాగి, కోసిన పుచ్చకాయ ముక్కలా వెడల్పవుతుంది. ముందు పుస్తకాలవాడి కెమెరాతో తీశాడు. పోల్చి చూడ్డానికి, కోడలు సొంతంగా బాగుచేసి పక్కన పెట్టిన కెమెరాతో అదే అంకె మీద ఇంకొకటి తీశాడు. పాపం, ఆ పిల్ల పని ఎంత తేలిపోతుందో తనే చూసుకుని సిగ్గుపడుతుందని లోపల జాలి కూడా పడ్డాడు.

కోడలు స్నానాలగదిలో చీకటి చేసుకుని రీళ్ళు రెండూ కడిగి, తెచ్చి కిటికీకి ఎదురుగా క్లిప్పులకి వేలాడదీసింది. నెగటివ్‌లో తెల్లది నల్లగా కనిపిస్తుంది గనక రెండింటిలోనూ నల్లటి గుర్తే పడింది. కోడలి కెమెరాలో అది గీత. మేస్త్రీ కడిగిన కెమెరాలో ముక్క. ఒక మనిషి తినగలిగినంత ముక్క.

"ఈ ప్లేయరు చెడిపోయింది. వేగంగా తిరుగుతోంది" అన్నాడు మేస్త్రీ.

"రెండిటికీ అదే ప్లేయరు కదండీ!" అని అరిచింది భార్య.

"ఊరికే అరవకు!"

"అరవకపోతే మీకు వినపడదు!"

కోడలు వేలాడుతున్న రీళ్ళ వైపు తిరిగి నిలబడింది. భార్య వచ్చి మేస్త్రీ ఎదురుగా బల్ల మీద చేతులు ఆనించింది.

"రెండేళ్ళ నుంచీ చెప్తున్నాను, మీకు చెవి తగ్గింది, డాక్టరుకి చూపించుకోండని. చెప్పినప్పుడల్లా నాకు నోరు పెరిగిందన్నారు. నాకు కోపం రాలేదండీ. నేను తిట్టట్లేదు, మీకు వినపడాలని అరుస్తున్నాను. నా గొంతు పాడైపోయింది అరిచి అరిచి."

"నాకు వినపడకపోవడమేంటి? నువ్వన్నవన్నీ వినపడట్లా ఇప్పుడు?"

భార్య ఇంకేదో అంది. ఈసారి అరవలేదు. ఒకప్పటి తన గొంతుతో అంది. మేస్త్రీకి గొంతు వినపడింది. అది తన భార్య గొంతే, రెండేళ్ళ తర్వాత ఇంటికొచ్చినట్టుంది. కానీ మాటలు వినపడలేదు. పక్కింట్లో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు ఒక మూలుగు, అంతే. ఆవిడ పెదాల వంక చూసినా తెలియలేదు. మేస్త్రీకి భయం వేసింది.

"ఏమన్నావు?"

భార్య కొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మేస్త్రీ బల్ల ముందు కూలబడ్డాడు. చెయ్యి తిరగలేదు, గ్రీజు పరిగెట్టలేదు. తోక తెగడం కాదు, తనకి వినపడడం మానేసింది. రెండేళ్ళుగా ఈ బల్ల మీద నుంచి వెళ్ళిన ప్రతి షట్టరూ సగం కడిగిన గిన్నెలా వెళ్ళింది. వాటిని పట్టుకుని తిరిగొచ్చిన ప్రతివాడికీ తను ఏదో ఒకటి అంటించి పంపాడు. ఒకడికి వణుకన్నాడు. ఒకడికి చూపు ఆనదన్నాడు. ఒక ముసలాయనతో ఇక కెమెరా మనవడికిచ్చి కృష్ణా రామా అనుకోమన్నాడు. ఆయన నిజంగానే ఇచ్చేశాడని తర్వాత ఎవరో చెప్తే నవ్వాడు కూడా. అవన్నీ ఒక ఎత్తు. నర్సమ్మ ఒక ఎత్తు. తల్చుకుంటే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

అంత సిగ్గులోనూ బుద్ధి పక్కదారే పట్టింది. "అమ్మాయ్" అన్నాడు, "నువ్వు వెళ్ళి ఆవిడ కెమెరా పట్టుకురా. ఏదో చిన్న సవరణ మిగిలిపోయిందని చెప్పు. కడిగిచ్చేద్దాం. ఫొటోలు బాగొస్తే ఆవిడే తెలుసుకుంటుంది."

కోడలు ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. మొహం కనపడేలా, మాట మాటా విడదీసి, గట్టిగా చెప్పింది.

"మాట మీరన్నారు మావయ్యా. మీరే వెళ్ళి వెనక్కి తెచ్చుకోండి. నెలాఖరు దగ్గరికొచ్చేసింది."

ఆసుపత్రిలో దుప్పట్ల గది వెనక వరండా చివర ఉంది. ఇనప బీరువాలు, గోడ వారగా ఉతికి తెచ్చిన దుప్పట్ల గుట్ట, ఒక బల్ల, రెండు స్టూళ్ళు. నర్సమ్మ దుప్పటి అంచులు కలిపి మడత పెడుతోంది. అంతటి మనిషి చేత దుప్పట్లు మడత పెట్టిస్తున్నారు! అని మేస్త్రీకి ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. ఎవరి మీదో ఆ వెంటనే తెలిసింది.

ఆవిడ ఏదో అంది. మేస్త్రీ అలవాటు ప్రకారం తలూపబోయి ఆగాడు.

"కొంచెం గట్టిగా చెప్పండి. నాకు వినపడదు."

ఆ మాట నోట్లోంచి రావడానికి రాయి మోసినంత పనైంది. నర్సమ్మ ఆయన్ని నిదానంగా చూసింది. స్టూలు లాగి, వెలుతురు తన మొహం మీద పడేలా కూచుని, గొంతు పెంచింది. "ఇలా వచ్చారేంటి అన్నాను."

మేస్త్రీ చెప్పేశాడు. గ్రీజు సంగతి, తోక సంగతి, రికార్డు మీద కాగితం సంగతి, అన్నీ చెప్పాడు. మధ్యలో ఎక్కడా ఛలోక్తులు లేకుండా ఆయన అంతసేపు మాట్లాడటం అదే మొదలు. "మీ చెయ్యి వణకలేదు నర్సమ్మగారూ. నా షట్టరు ఆలస్యంగా మూసుకుంది. మీ నెగటివ్‌లు నల్లగా ఉన్నాయని మా కోడలు అప్పుడే చెప్పింది. నేను వినలేదు. తప్పు నాది."

నర్సమ్మ కుడిచెయ్యి చాచి, అరచెయ్యి కిందికి పెట్టి, వేళ్ళు విడదీసి ఆయన ముందు పట్టింది.

"చూడండి."

మేస్త్రీ చూశాడు. చూపుడువేలు సన్నగా కదులుతోంది. ఆగుతోంది, మళ్ళీ కదులుతోంది.

"అప్పుడు వణకలేదంటారు. కావచ్చు. మీరన్న రోజు నుంచీ దీన్ని చూస్తూనే ఉన్నాను. బిడ్డ చెయ్యి పట్టుకుంటే బిడ్డని చూడట్లేదు, నా వేళ్ళు చూసుకుంటున్నాను. అలా కాపలా కాస్తే ఏ చెయ్యైనా వణుకుతుంది. ఒకరోజు ఒక బిడ్డకి నరం తప్పింది. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ తప్పలేదు. ఆ రోజే సూది కింద పెట్టేశాను."

మేస్త్రీ ఇంకా ఆ వేలి వంకే చూస్తున్నాడు.

"మీ చెవి సంగతి మీకెప్పుడు తెలిసింది?" అని అడిగింది.

"నిన్న."

"అంతకుముందు ఎవరూ చెప్పలేదా?"

"మా ఆవిడ చెప్పింది. రెండేళ్ళ నుంచీ చెప్తూనే ఉంది."

"మీరు నమ్మలేదు."

"నమ్మలేదు."

"మీరు నాకు ఒక్కసారే చెప్పారు మేస్త్రీగారూ" అంది నర్సమ్మ. "నేను నమ్మాను."

ఆవిడ లేచి మళ్ళీ దుప్పటి అందుకుంది. వచ్చిన పని అయిపోయింది, ఇక వెళ్ళిరండి అన్నట్టు అటు తిరిగింది. మేస్త్రీ వెళ్ళలేదు. చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచి, బల్ల మీద వెల్లకిలా చాచి పెట్టాడు.

"పొడవండి."

"ఏంటి?"

"సూది. మా ఆవిడ షుగరు చూపించుకోమని చెవినిల్లు కట్టుకుని పోరుతోంది. అదీ వినలేదు లెండి. ఎటూ ఎవరో ఒకరు పొడవాల్సిందే. మీరు పొడవండి."

"నా చెయ్యి చూశారుగా?"

"చూశాను. నాదేమన్నా పసిచెయ్యా? దుంగలాగుంది. తప్పితే తప్పనివ్వండి, ఏడిస్తే నేను ఏడుస్తాను."

నర్సమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. జాలితో కాదు, వట్టి చిరాకుతో. అయినా వెళ్ళి సూదుల పళ్ళెం తెచ్చింది. రబ్బరు గొట్టం చేతికి బిగించి, దూదితో తుడిచి, సూది అందుకుంది. వేలు కదిలింది. సూది దిగింది. నరం దొరకలేదు. మేస్త్రీ పళ్ళు బిగించుకుని కిటికీ వంక చూశాడు.

"ఎలా ఉంది?"

"భేషుగ్గా ఉంది."

"ఆ మాట మీ నోటికి అలవాటైపోయినట్టుంది" అంది నర్సమ్మ. సూది తీసి, కొత్తది తొడిగి, పక్కన ఇంకో చోట గుచ్చింది. ఈసారి కూడా తప్పింది. చర్మం కింద నీలంగా ఉబ్బుతోంది. మేస్త్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నొప్పికే అనుకుందాం. అడగడానికి భయపడుతూనే అడిగాడు.

"ఆ కాగితం వెనక్కి తీసుకుంటారా?"

నర్సమ్మ దూది ముక్క అద్ది, రబ్బరు గొట్టం విప్పింది. మేస్త్రీ మారు మాట్లాడకుండా రెండో చొక్కా చెయ్యి పైకి మడిచి, ఆ చెయ్యి కూడా బల్ల మీద పెట్టాడు. ఆవిడ ఆ చేతిని లాక్కుని గొట్టం బిగించింది. మోచేతి మడతలో వేలితో నొక్కి నొక్కి నరం వెతుకుతూ, ఆయనకి వినపడేలా గట్టిగా అంది.

"కదలకండి. ముందు ఈ నరం దొరకనివ్వండి."